ఈసీజీ బాగుందన్నారు... మరి ఈ గుండెదడ ఏమిటి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. నాకు 34 ఏళ్లు. ఇంట్లో మిషను మీద బట్టలు కుడతాను. ఆరేళ్లుగా రెండు మూడు నెలలకు ఒకసారి నాకు గుండెదడ వస్తోంది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంటాను, ఉన్నట్టుండి గుండె పరుగు మొదలుపెడుతుంది. గొంతు దగ్గర కూడా టకటకా కొట్టుకుంటుంది. పావుగంట నుంచి గంట వరకు ఉండి, వచ్చినట్టే టక్కున ఆగిపోతుంది. తర్వాత రెండు మూడుసార్లు మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. ఆసుపత్రికి చేరేసరికి ఏమీ ఉండదు. మూడుసార్లు ఈసీజీ తీసి బాగుందన్నారు. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు టెన్షన్ అన్నారు. రెండింటికీ మాత్రలు వాడుతున్నాను, వాటి పేర్లు కింద రాశాను. మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నాది నిజంగా మనసు జబ్బేనా? ఇంకో మాట. మా అక్క కూతురికి 11 ఏళ్లు. మొన్న బడిలో పరుగు పందెంలో పడిపోయింది. పోయిన వేసవిలో బావిలో ఈత నేర్చుకుంటూ ఒకసారి స్పృహ తప్పితే వాళ్ల నాన్న పైకి లాగాడు. ఫిట్స్ అని మాత్రలు ఇస్తున్నారు. బావి మా ఇంటికి అచ్చిరాదంటారు, మా మేనమామ ఈత బాగా వచ్చినవాడే అయినా పద్దెనిమిదేళ్లప్పుడు బావిలోనే పోయాడు. నాకూ పాపకూ ఉన్నది ఒకటే జబ్బా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ముఖ్యంగా అడిగింది మీ గురించి. నేను మాత్రం ముందు మీ అక్క కూతురి గురించి రాస్తాను. మీ దడ సంగతి నాలుగు వారాలు ఆగినా ఫరవాలేదు. పాప సంగతి ఈ వారం దాటకూడదు.

పరుగెడుతూ పడిపోయిన పిల్ల. నీళ్లలో స్పృహ తప్పిన అదే పిల్ల. ఈత వచ్చి కూడా నీళ్లలో ప్రాణం పోగొట్టుకున్న మేనమామ. మేనమామ మాట మీరు ఉత్తరం చివర్లో, బావి అచ్చిరాదన్న మాట వెంట, ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా బరువైన మాట అదే. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే వైద్యుడికి మొదట రావలసిన అనుమానం మూర్ఛ కాదు, గుండె లయకు సంబంధించిన వంశపారంపర్య జబ్బు.

గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునే ముందు దాని కండరం విద్యుత్తును సర్దుకుని సిద్ధం కావాలి. ఈసీజీలో క్యూ అనే చోటు నుంచి టీ అనే అల ముగిసేదాకా ఉన్న దూరం, అంటే క్యూటీ, ఈ పనికి పట్టే సమయాన్ని చూపిస్తుంది. కొన్ని కుటుంబాలలో పుట్టుకతోనే ఆ సమయం ఎక్కువ. దీన్ని లాంగ్ క్యూటీ జబ్బు అంటారు. మామూలుగా తిరుగుతున్నంతసేపూ ఏమీ తెలియదు. గుండె ఇంకా సిద్ధం కాకముందే పరుగో, భయమో, చల్లటి నీళ్లలో దూకడమో దాన్ని తొందరపెడితే లయ చెదిరి గుండె వణికిపోతుంది. మెదడుకు రక్తం అందక మనిషి కుప్పకూలతాడు. చాలాసార్లు కొన్ని క్షణాల్లో లయ దానంతటదే సర్దుకుని లేచి కూర్చుంటాడు. సర్దుకోనిసారి ప్రాణం పోతుంది. ఈ జబ్బులో ఒక రకానికి ఈతంటే ప్రత్యేకంగా పడదు. ఇంకో రకం ఉలికిపాటుతో వస్తుంది, గడియారం అలారం మోగినా, ఫోను మోగినా చాలు. సీపీవీటీ అనే మరో జబ్బు కూడా పిల్లల్లో ఇలాగే పరుగులోనే బయటపడుతుంది. దాని చిక్కేమిటంటే విశ్రాంతిలో తీసిన ఈసీజీ పూర్తిగా బాగానే కనిపిస్తుంది.

పాపకు ఇదే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను. కాదని తేలేదాకా ఉన్నట్టే నడుచుకోవాలని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను వైద్యం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకొచ్చింది. మూడేళ్లుగా మూర్ఛ మాత్రలు మింగుతున్నాడు, అయినా పడిపోతూనే ఉన్నాడు. నేనూ మాత్ర మోతాదు పెంచి పంపించాను. రెండోసారి వచ్చినప్పుడు ఆమె వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "బడిలో గంట కొడితే పడిపోతున్నాడు సార్" అంది. అప్పుడు తీశాను ఈసీజీ. టీ అల ఎక్కడో దూరాన ముగుస్తోంది. ఆ కాగితం మొదటిసారి వచ్చినప్పుడే తీయాల్సింది. ఆ అబ్బాయి బతికాడు, కానీ అందులో నా గొప్ప ఏమీ లేదు. అప్పటి నుంచి పడిపోయి వచ్చిన ఏ పిల్లకైనా ఈసీజీ తీయకుండా మూర్ఛ అన్న మాట నా నోట రాలేదు.

పాప పడిపోయినప్పుడు దగ్గర ఉన్నవాళ్లను, అంటే వాళ్ల నాన్నను, బడిలో టీచరును, కొన్ని సంగతులు అడిగి రాసుకోండి. పరుగు మధ్యలోనే పడిందా, ఆగాక పడిందా? ముఖం తెల్లగా పాలిపోయిందా? ఒళ్లు మెత్తగా వాలిపోయిందా, మొదటి నుంచే కొయ్యబారిందా? ఎంతసేపటికి లేచింది, లేవగానే మనుషుల్ని గుర్తుపట్టి మాట్లాడిందా? గుండె వల్ల పడిపోయినవాళ్లు సాధారణంగా పాలిపోయి మెత్తగా కూలిపోతారు, ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుని స్పష్టంగా మాట్లాడతారు. మూర్ఛలో నాలుక పక్కన కొరుక్కోవడం, లేచాక చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉండటం ఎక్కువ. కాళ్లూ చేతులూ కొట్టుకున్నంత మాత్రాన మూర్ఛ అని తేల్చకూడదు. మెదడుకు రక్తం ఆగినప్పుడు కూడా కొట్టుకుంటాయి.

ఇప్పుడు చేయాల్సినవి. పరీక్షలు పూర్తయ్యేదాకా పాపకు పరుగు వద్దు, ఆటల పీరియడు వద్దు, బావి, చెరువు, కాలువ ఏ నీళ్లలోకీ దిగొద్దు. నడుముకు ప్లాస్టిక్ డబ్బా కట్టినా వద్దు, నాన్న పక్కనే ఉన్నా వద్దు. ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, ఒక్కసారిగా ఆపితే అదో ప్రమాదం. దేవరకొండ ప్రభుత్వ ఆసుపత్రిలోనో నల్లగొండలోనో 12 లీడ్ల ఈసీజీ తీయించి, "క్యూటీ చేత్తో కొలిచి చెప్పండి" అని అడగండి. యంత్రం దానంతటది అచ్చువేసే అంకె తప్పు కావచ్చు. గుండె వేగానికి సరిచేసిన క్యూటీ పిల్లల్లో 460 మిల్లీసెకన్లు దాటితే అనుమానించాలి, 480 దాటితే అనుమానం బలపడుతుంది. ఈసీజీ బాగున్నా అక్కడితో ఆగవద్దు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీసే ఈసీజీ, గుండె స్కానింగు, అంటే ఎకో, కూడా కావాలి. వీటికి హైదరాబాదు వెళ్లడం మంచిది. పంజాగుట్ట నిమ్స్‌లో గుండె విభాగంతో పాటు జన్యు వైద్య విభాగం కూడా ఉంది. జన్యు లోపం దొరికితే ఇంట్లో మిగతావాళ్లలో ఎవరికి ఉందో, ఎవరికి లేదో ఒక్క రక్త పరీక్షతో తేలుతుంది. మీ అక్కది మేనరికం అయినా, పాపకు వినికిడి తక్కువగా ఉన్నా ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పుట్టు చెవుడుతో కలిసి వచ్చే లాంగ్ క్యూటీ ఒకటి ఉంది, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తేనే అది వస్తుంది.

జబ్బు తేలితే భయపడి కూర్చోవలసిన పని లేదు. ఎక్కువమందికి ప్రొప్రనలాల్, నడలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలే కాపాడతాయి. ఒక్కపూట కూడా మానకూడదు, అంతే. మాత్రలు వాడుతున్నా పడిపోయేవాళ్లకు, ఒకసారి గుండె ఆగి బతికినవాళ్లకు ఐసీడీ అనే పరికరాన్ని చర్మం కింద అమరుస్తారు. లయ చెదిరిన క్షణమే అది షాక్ ఇచ్చి సరిచేస్తుంది.

ఈలోగా పాప మళ్లీ పడిపోతే చేతిలో తాళంచెవులు పెట్టి, నోట్లో నీళ్లు పోసి కాలం వృథా చేయకండి. పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే ఒకరు 108కి ఫోను చేయాలి, ఒకరు వెంటనే రొమ్ము మధ్యన అరచేతి మొదలు పెట్టి గట్టిగా, వేగంగా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు రెండు అంగుళాల లోతుకు, అంబులెన్సు వచ్చేదాకా. మీ బావగారికి, మీ అక్కకు, పాప క్లాసు టీచరుకు ఇది ఈ వారంలోనే నేర్పించాలి.

ఇక మీ సంగతి.

మీది మనసు జబ్బులా లేదమ్మా. ఆందోళన వల్ల వచ్చే దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. మీది స్విచ్చి వేసినట్టు మొదలై, స్విచ్చి తీసినట్టు ఆగుతోంది. గొంతు దగ్గర కొట్టుకోవడం, ఆగాక మూత్రం ఎక్కువగా రావడం, ఈ రెండూ కలిస్తే నా ఆలోచన ఎస్‌వీటీ అనే లయ జబ్బు వైపు వెళ్తుంది. అందులోనూ మీ వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఏవీఎన్‌ఆర్‌టీ. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్తు దిగే చోట కొందరికి ఒకటికి రెండు దారులు ఉంటాయి. ఒక దారిన దిగిన విద్యుత్తు రెండో దారిన తిరిగి పైకెక్కి, గానుగెద్దులా అక్కడక్కడే గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. తిరిగిన ప్రతిసారీ గుండె ఒక దెబ్బ కొడుతుంది, నిమిషానికి 150 నుంచి 250 దాకా. పై గదులు, కింది గదులు దాదాపు ఒకేసారి ముడుచుకోవడం వల్ల రక్తం మెడ నరాల్లోకి ఎగదన్నుతుంది. మీరు గొంతు దగ్గర టకటక అన్నది అదే. పై గదులు సాగడం వల్ల వెలువడే ఒక హార్మోను మూత్రం ఎక్కువ చేస్తుంది. ఆరేళ్లుగా మీ ఒళ్లు ఇన్ని ఆనవాళ్లు చూపిస్తుంటే టెన్షన్ అని పంపించడం నాకు బాధగా ఉంది. దడ వచ్చినప్పుడు భయం వేయడం సహజం. భయం వల్ల దడ వస్తోందని దాన్ని తిరగేసి చెప్పడమే తప్పు. మీ అత్తగారిని నేను ఏమీ అనను. వైద్యులం మేము పేరు చెప్పలేకపోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు తమకు తెలిసిన పేరు పెట్టుకున్నారు.

మూడు ఈసీజీలు బాగున్నాయంటే ఆ మూడు సమయాల్లో గుండె బాగుందనే అర్థం. దడ ఉన్నప్పుడు తీసిన కాగితం ఒక్కటి కూడా లేదు. అది ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే. మీకు రెండు మూడు నెలలకోసారి వస్తుంది కాబట్టి 24 గంటల హోల్టర్, అంటే రోజంతా ఒంటికి కట్టి ఈసీజీ తీసే చిన్న పెట్టె, పెట్టుకున్నా అందులో పడే అవకాశం తక్కువ, దానికి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆలోచించండి. ఎక్కువ రోజులు ఒంటికి అతికించుకునే రికార్డర్లు నయం. వాటన్నిటికన్నా సులువైనది ఒకటి ఉంది. ఈసీజీ యంత్రం ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో, రాత్రి ఎవరు ఉంటారో ఇవాళే కనుక్కోండి. దడ మొదలవగానే బండి మీద అక్కడికి వెళ్లి, "ముందు ఈసీజీ తీయండి, తర్వాతే ఇంజక్షన్" అని చెప్పండి. కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సీమీటరు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటుంది. దడ వచ్చినప్పుడు వేలికి పెట్టుకుని అందులో నాడి వేగం చూపే అంకెను ఫోనులో వీడియో తీయించండి. ఈసీజీకి బదులు కాదు గాని, 190 అన్న అంకె కళ్లారా చూసిన డాక్టరు మిమ్మల్ని గ్యాస్ మాత్రతో పంపించడు. ఈసీజీ కాగితానికి కూడా వెంటనే ఫోటో తీయండి. అది వేడికి అచ్చయ్యే కాగితం, మన ఎండలకు కొన్నాళ్లలో గీతలు వెలిసిపోతాయి.

పాత మూడు ఈసీజీలను కూడా పారేయకండి, వాటిలో చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది డెల్టా తరంగం. దడ లేనప్పుడు కూడా కనిపించే చిన్న వాలు గీత అది. ఉంటే మీకు పుట్టుకతో అదనపు విద్యుత్ దారి ఉన్నట్టు. 1930లో వుల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ అనే ముగ్గురు వైద్యులు వర్ణించారు కాబట్టి వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. ఆ దారి ఉన్నవాళ్లకు దడ తగ్గించే కొన్ని మందులే ప్రమాదం తేవచ్చు. రెండోది క్యూటీ. పాపకు ఉండవచ్చని నేను అనుమానించే లోపం మీ అమ్మగారి వైపు నుంచి వచ్చి ఉంటే, అది మీకూ ఉండే అవకాశం ఉంది. అంటే మీ దడ, పాప పడిపోవడం ఒకే జబ్బు అని నేను అనుకోవడం లేదు, కానీ రెండో జబ్బు మీలో చప్పుడు చేయకుండా ఉండవచ్చు.

అందుకే మీరు రాసిన మాత్రల పేర్లు చూసి ఆగిపోయాను. మీ గ్యాస్ మాత్రలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడాన్ కలిసి ఉంది. టెన్షన్ మాత్రలో ఎస్సిటలోప్రామ్, క్లోనజిపామ్ ఉన్నాయి. డోంపెరిడాన్, ఎస్సిటలోప్రామ్ రెండూ క్యూటీని పొడిగించే మందులే. చాలామందికి వీటితో ఏమీ కాదు. మీ ఇంటి చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం క్యూటీ కొలిపించుకోకుండా రెండింటినీ కలిపి వాడకూడదు. గ్యాస్ మాత్ర ఆపేయవచ్చు. టెన్షన్ మాత్రను ఒక్కసారిగా ఆపకండి, అలవాటుపడిన ఒళ్లు తిరగబడుతుంది. రాసిన డాక్టరుకే ఈ సంగతి చెప్పి, ఈసీజీ చూపించి, మెల్లగా తగ్గించుకోండి. పాప విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. జ్వరానికో దగ్గుకో ఊళ్లో తరచుగా ఇచ్చే అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, తామరకు ఇచ్చే ఫ్లూకోనజోల్ కూడా ఈ జాబితాలోవే. ఒక కాగితం మీద ఈ పేర్లు రాసి పాప ఆధార్ కార్డుతో కలిపి పెట్టమని మీ అక్కకు చెప్పండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె మరింత తడబడుతుంది, వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి.

దడ వచ్చినప్పుడు ఇంట్లో చేసుకునే ఉపాయం ఒకటి నేర్చుకోండి. మంచం మీద వెనక్కి వాలి కూర్చోండి. సూది లేని 10 మి.లీ. సిరంజి మొనను నోట్లో పెట్టుకుని, లోపలి పుల్ల కొద్దిగా కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదండి. ఊదడం ఆపగానే మీవాళ్లు మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ వాలుగా పైకెత్తి ఇంకో 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో ఇంగ్లండులో నాలుగు వందల మందికి పైగా రోగుల మీద దీన్ని పరీక్షించారు. ఉత్తగా ఊదినవాళ్లలో వందకు 17 మందికి దడ ఆగితే, ఇలా కాళ్లెత్తినవాళ్లలో 43 మందికి ఆగింది. పైసా ఖర్చు లేదు. మీరు మాత్రం ఈసీజీ పడేదాకా దీన్ని ఆసుపత్రిలో, కాగితం తీశాకే చేయండి. దడతో పాటు స్పృహ తప్పుతున్నట్టు ఉన్నా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా ఏ ఉపాయాలూ వద్దు, 108కి ఫోను చేయండి.

ఆసుపత్రిలో ఆగకపోతే అడినోసిన్ ఇంజక్షన్ ఇస్తారు. ముందే చెబుతున్నాను, కొన్ని క్షణాలు రొమ్ము మీద బండ పెట్టినట్టు, ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. అర నిమిషంలోపే తగ్గిపోతుంది. ఉబ్బసం ఉంటే ఇంజక్షన్ ముందే చెప్పాలి. ఇంజక్షన్ ఇస్తున్నంతసేపూ ఈసీజీ కాగితం నడుస్తూనే ఉండాలి, దడ ఆగే ఆ క్షణంలోనే జబ్బు తన పేరు చెబుతుంది.

శాశ్వతంగా పోగొట్టే మార్గం అబ్లేషన్. తొడ దగ్గర నరంలోంచి సన్నని తీగలు గుండెలోకి పంపి, అదనపు దారిని వెతికి, దాని కొసను వేడితో మాడుస్తారు. కోత ఉండదు. ఏవీఎన్‌ఆర్‌టీ అయితే వందలో 95 మందికి పైగా బాగవుతుంది. అసలు దారికి వేడి తగిలి పేస్‌మేకర్ అవసరమయ్యే ప్రమాదం వందకు ఒకరికి అటూఇటుగా ఉంటుంది. దాన్ని మీకు దాచకుండా చెప్పేవాళ్ల దగ్గరే చేయించుకోండి. మాత్రలతో నెట్టుకురావడమూ తప్పు కాదు. రెండు మూడు నెలలకోసారి పావుగంట దడకు ఏది ఎంచుకోవాలన్నది మీ ఇష్టం. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆహార భద్రత కార్డు తీసుకుని, చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర మీ చికిత్సకు వర్తిస్తుందో లేదో అడగండి. థైరాయిడ్, రక్తహీనత, పొటాషియం పరీక్షలు, ఒకసారి ఎకో ఎలాగూ చేయించుకోవాలి. మన వైపు చిన్నప్పటి కీళ్లవాతంతో గుండె కవాటం పాడైన సంగతి ముప్పై ఏళ్లకు గాని తెలియని ఆడవాళ్లను చాలామందిని చూశాను.

మీ అమ్మగారికి, అక్కకు, పాప తోడబుట్టినవాళ్లకు కూడా ఈసీజీ తీయించండి. హైదరాబాదు వెళ్లే ముందు అమ్మగారిని మేనమామ గురించి అడగండి. బాధపడతారు, అయినా అడగండి. అంతకుముందు ఎప్పుడైనా పడిపోయేవాడా? ఆ రోజు బావిలోకి దూకిన వెంటనే జరిగిందా, చాలాసేపు ఈదాక జరిగిందా? గట్టు మీద ఉన్న స్నేహితుల్లో ఎవరైనా ఇప్పటికీ ఊళ్లో ఉంటే వాళ్లను కలవండి. చేతులు కొట్టుకుని, కేకలు వేసి మునిగాడా, చప్పుడు లేకుండా కిందికి జారిపోయాడా అన్నది వాళ్లకు గుర్తుంటుంది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, పాప ఈసీజీతో పాటు డాక్టరు చేతికి ఇవ్వండి.